వెనక బెంచీ పాట

మా పాట వీడియోని ఎవరో పుణ్యాత్ములు ఇంటర్నెట్‌లో పెట్టారు. బొమ్మ మసకగా ఉంటుంది, మధ్యలో గీతలు పడతాయి, అయినా కింద జనం ‘క్లాసిక్’ అని రాస్తున్నారు. రాసుకోనివ్వండి, నాకేం నష్టం. కానీ ఒకడెవడో అది ప్రేమలో ఓడిపోయిన ఆడదాని పాట అని రాశాడు. అది చదివాక మాత్రం నాకు ఒళ్లు మండింది. ఆ వీడియోలో బెంచీ మీద కూర్చుని కెమెరాలోకి సూటిగా చూసే ఆవిడ మా మేనత్త. ఆవిడ ప్రేమ ఓడిపోలేదు. గెలిచింది, గెలిచినందుకే ఆ బెంచీ దక్కింది. తెలియకపోతే నోరు మూసుకుని వినాలి, అంతేగాని నోటికొచ్చింది రాయకూడదు.

మాది మెట్టుగూడ. నాన్న గుంటూరు వైపు నుంచి రైల్వే ఆఫీసులో గుమాస్తాగా వచ్చి సికింద్రాబాద్‌లోనే ఉండిపోయాడు. పది నుంచి ఐదు దాకా ఫైళ్లు చూసేవాడు గానీ ఆయన ప్రాణమంతా చర్చి క్వయర్‌లో ఉండేది. నల్లబల్ల మీద డొ, రె, మి అక్షరాలు రాసి, నాలుగు రకాల గొంతులకి నాలుగు వరసలు విడివిడిగా నేర్పించి, చివరికి నాలుగూ కలిపేవాడు. “తప్పు పాడితే దేవుడు క్షమిస్తాడేమో, నేను మాత్రం క్షమించను” అనేవాడు. ఆ మాట నేను కొన్ని వేలసార్లు విని ఉంటాను. పాటంటే నాకు తెలిసిందంతా ఆయన నేర్పిందే.

అమ్మ నా నాలుగో ఏట పోయింది. నన్ను పెంచింది నాన్న చెల్లెలు, మా అత్త. నాకు జడలు వేసింది, చదువు చెప్పింది, తన్నింది, అన్నం పెట్టింది. క్వయర్‌లో ఆల్టో, అంటే ఆడవాళ్లలో కింది గొంతు, ఆవిడదే. ముప్ఫై ఏళ్లు వచ్చేదాకా ఆవిడ పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తేసరికి మనిషిని తనే చూసుకుంది. మౌలాలి ఆయన, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, హిందువు. చర్చిలో పెళ్లి చేయం అన్నారు. సరే, వద్దులెండి అని రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకుని వచ్చింది.

మా సంఘంలో ఇలాంటివాళ్లకి ఒక పద్ధతి ఉండేది. గెంటేయరు. ‘బల్ల ఆపుతారు’. నెలలో మొదటి ఆదివారం, యేసు చివరి విందుని తలుచుకునే ప్రభు బల్ల జరుగుతుంది. రొట్టె ముక్కల పళ్లెం, ద్రాక్షరసం పోసిన చిన్న గ్లాసుల పళ్లెం ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి, ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి వస్తాయి. బల్ల ఆపిన మనిషి చిట్టచివరి బెంచీలో కూర్చోవాలి. పళ్లెం దాని ముందు బెంచీ దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతుంది. మళ్లీ బల్లలోకి రావాలంటే ఒక ఆదివారం అందరి ముందూ లేచి నిలబడి, తప్పు చేశాను క్షమించండి అని చెప్పాలి. తాగుబోతులు లేచి చెప్పారు. సొంత తమ్ముడి తల పగలగొట్టినవాడు లేచి చెప్పాడు. మూడు నిమిషాల పని, తర్వాత అంతా వచ్చి చేతులు కలిపేవారు.

అత్త లేవలేదు. “పెళ్లి చేసుకోవడం పాపమని దేవుడి ముందు అబద్ధమాడి, అదే నోటితో రొట్టె తినాలా?” అంది. అన్నది అన్నట్టే పదకొండేళ్లు కూర్చుంది. ఆదివారం ఆదివారం మౌలాలి నుంచి బస్సెక్కి వచ్చి ఆ చివరి బెంచీలోనే కూర్చునేది. ప్రభు బల్ల రోజున మా ఆడవాళ్లంతా తెల్లచీరలు కట్టుకుంటారు. అత్త ఒక్కత్తే ముదురు ఆకుపచ్చో మిరపపండు ఎరుపో కట్టుకుని వచ్చేది. పైగా ఆల్టో మానలేదు. నాన్న ముందు నిలబడి క్వయర్‌కి చేతులు ఊపుతుంటే ఆల్టో మాత్రం చర్చి వెనక నుంచి వచ్చేది, క్వయర్‌లో ఉన్న ఆల్టోల గొంతులు దాని ముందు వినపడేవి కావు.

నాన్న ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఇంటికి వస్తే చెల్లెలితో బాగానే మాట్లాడేవాడు, క్రిస్మస్‌కి చీర పెట్టేవాడు, చర్చి గుమ్మం దాటితే మాత్రం ఆవిడ ఎవరో ఎరగనట్టుండేవాడు. మిగతావాళ్లు రొట్టె తీసుకునేంతసేపూ క్వయర్ పాడాలి కాబట్టి పళ్లెం మొదట క్వయర్‌కే ఇస్తారు. అంటే సంఘం మొత్తంలో మొదటి ముక్క నాన్నది. తొమ్మిదేళ్ల పిల్లనప్పటి నుంచీ ఇరవై ఏళ్లదాన్నయ్యేదాకా నెలనెలా ఇది చూశాను. కోపం రాదా మరి? నేనేమన్నా రాయినా?

అప్పటికి నాకు గిటార్ పిచ్చి పట్టింది. రైల్వే వాళ్ల హాల్లో శనివారాలు డాన్సులు జరిగేవి, అక్కడ ఆంగ్లో ఇండియన్ కుర్రాళ్లు వాయించే కరెంటు గిటార్ వినీ వినీ నేర్చుకున్నాను. ముగ్గురం బ్యాండ్ పెట్టాం. డ్రమ్స్ కొట్టేవాడు మా వీధివాడే, పెళ్లిళ్ల బ్యాండు మేళంలో పెద్ద డ్రమ్ము కొట్టి చేయి తిరిగినవాడు. బాస్ గిటార్‌వాడిది ఏ.ఎస్. రావు నగర్. వాళ్ల నాన్న ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ ఉద్యోగి కాబట్టి వాళ్లింట్లో చెంచాల కన్నా సోల్డరింగ్ ఐరన్లు ఎక్కువ. వాడు ఒక రేకు సబ్బు పెట్టెలో ఏవో వైర్లు అతికి నాకు ఒక డబ్బా చేసిచ్చాడు. కాలితో దాన్ని తొక్కితే నా గిటార్ గొంతు బొంగురుపోయి అరిచేది. అబ్బ, ఆ అరుపు విన్న మొదటి రోజు నాకు కలిగిన ఆనందం ఇంకెప్పుడూ కలగలేదు. పదకొండేళ్లు నేను లోపల అరిచిన అరుపు అచ్చం అలాగే ఉండేది.

ఒక మొదటి ఆదివారం చిన్న గందరగోళం జరిగింది. పళ్లెం తిప్పే పని కొత్తగా అప్పజెప్పిన ఒకాయనకి పద్ధతి తెలియక, పళ్లెం పట్టుకుని నేరుగా చివరి బెంచీ దాకా వెళ్లిపోయాడు. అత్త చేయి చాచింది. సంఘ పెద్ద, రిటైరైన హెడ్‌మాస్టరు, అందరం మాస్టారూ అనేవాళ్లం, ఆయన పరుగున వచ్చి ఆవిడ చేతి మీద నుంచే పళ్లెం లాగేసుకున్నాడు. చర్చి చర్చంతా చూసింది. అత్త చాచిన చేయి అలాగే ఉంచి, “బరువుగా ఉందేమో మాస్టారూ, పట్టుకోనా?” అంది. కొందరు నవ్వారు. నాన్న మాత్రం ఇటు తిరగకుండానే తర్వాతి పాట మొదలుపెట్టేశాడు.

ఆ మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా పాట రాశాను. తెలుగులో రాశాను. బ్యాండ్‌లో వాళ్లిద్దరూ నవ్వారు, “తెలుగులో రాక్ ఏందే, గోంగూరలో కేకా?” అని. అందరూ ఇంగ్లీషు పాటలే వాయించే రోజులు. మా సంఘ పెద్దలకి అర్థం కావాల్సిన పాట ఇంగ్లీషులో ఎందుకు రాయాలి? వాయించండి, నోరు మూసుకుని, అన్నాను. వాయించారు.

వీడియో ఆలోచన మెట్టుగూడ మెయిన్ రోడ్డులో వీడియో షాపు నడిపే ఆయనది, మేం ‘వీడియో అన్న’ అనేవాళ్లం. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, బారసాలలు తీసేవాడు. మా చర్చి పెళ్లిళ్లు కూడా అన్నీ ఆయనవే. కేబుల్ కొత్తగా వచ్చిన రోజులు. మా పేటలో కేబుల్ నడిపేవాళ్లకి సొంత చానెల్ ఒకటి ఉండేది, మధ్యాహ్నం సినిమా, సాయంత్రం పుట్టినరోజు శుభాకాంక్షలు. వీడియో అన్న వాళ్లకి దోస్తు.

“చెల్లె, గీ పెండ్లిళ్లు దీసి దీసి నా కండ్లు పోయినయ్. ఒక్కసారి జెర మంచి పని జేస్త. మీ పాట నాకియ్యి, కేబుల్ల ఏపిస్త” అన్నాడు.

ఇచ్చాను. తీశాడు. డ్రమ్స్‌వాడి పిన్నిని తెల్లచీరలో కూర్చోబెట్టి, కళ్లలో గ్లిజరిన్ వేసి, తల వంచించి, కన్నీటి బొట్టు రొట్టె పళ్లెంలో పడ్డట్టు తీశాడు. పిల్ల అప్పగింతలప్పుడు వేసే మిక్సింగంతా దాని మీద వేశాడు. ఆవిడ మొహం చుట్టూ గులాబీలు, గులాబీలు పగిలి హృదయం, హృదయంలోంచి మేం ముగ్గురం గిటార్లు పట్టుకుని బయటికి రావడం. నాకు కొంచెం ఇబ్బందిగానే అనిపించింది. అయినా మొదటి వీడియో కదా, ముచ్చట. ముందు అత్తకి చూపించాలని క్యాసెట్ తీసుకుని మౌలాలి వెళ్లాను. ఏడుస్తుంది, నన్ను దగ్గరికి తీసుకుంటుంది అనుకున్నాను.

మామయ్య పక్కింటి నుంచి వీసీఆర్ తెచ్చాడు. అత్త చేతిలో చాట, చాటలో బియ్యం. పాట అయిపోయేదాకా బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది. అయిపోయాక చాట కింద పెట్టి అడిగింది.

“ఎవరే ఆ ఏడ్చేది?”

“నువ్వే అత్తా.”

“నేనా! నేనెప్పుడు ఏడ్చానే? తల వంచుకుని కూర్చున్నానా ఎప్పుడైనా? నువ్వు చూశావా?” గొంతు పెరిగింది. “కందకు లేని దురద కత్తిపీటకెందుకే? నాకు లేని ఏడుపు నీకెందుకు? పదకొండేళ్లు తల ఎత్తుకుని కూర్చుంటే, మూడు నిమిషాల పాటలో నా తల వంచేశావు కదే! మాస్టారు చేయలేని పని నువ్వు చేశావు.”

నా మొహం కందగడ్డయింది. ఏదో అనబోయాను. వినలేదు.

“ఆ బెంచీలో ఎందుకు కూర్చుంటానో తెలుసా నీకు? మౌలాలిలో చర్చిలు లేవా? ఇంటి పక్కనే ఉంది, రండమ్మా అని రోజూ పిలుస్తారు. నేను పోను. నన్ను చూడకుండా వాళ్లు ఆ పళ్లెం పంచుకోకూడదు. వాళ్లు ప్రతి నెలా నన్ను దాటించుకుని తినాలి. వాళ్లని తిననీ, గొంతు దిగితే.”

మామయ్య గుమ్మంలో నిలబడి తల గోక్కుంటున్నాడు. “నాకు తెల్వకడుగుత, నన్ను జేసుకునుడు గంత పెద్ద పాపమా?” అన్నాడు. ఆయన బాధ ఆయనది. అత్త ఫక్కున నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, సిగ్గుతో చచ్చిపోయాను. అంత దగ్గరగా పెరిగి కూడా నేను ఆవిడను జాలిపడాల్సిన మనిషిగానే చూశాను. మాస్టారికీ నాకూ తేడా ఏముంది ఇక?

పాట మళ్లీ రాశాను. ఈసారి పల్లవి ఒకటే మాట, ‘లేవను’. చరణాల్లో అత్త ఆ రోజు అన్న మాటలే పెట్టాను, ఒక్కటి కూడా నేను కల్పించలేదు. నేను ఒక్కో పాదం పాడి ఆగితే ఆవిడ తన కింది గొంతుతో ‘లేవను’ అనాలి, వెంటనే నేను సబ్బు పెట్టె తొక్కాలి. ఆవిడ ఆ గొంతు పెడితే నా గిటార్ అరుపు కూడా కాస్త తగ్గి మర్యాదగా నిలబడేది.

మౌలాలి గుట్ట దగ్గర, అత్తవాళ్ల ఇంటి వెనక పెద్ద బండ మీద తీశాం. బెంచీ మామయ్య చేశాడు, పాత పెట్టెల చెక్కలతో, రెండు సెలవు దినాలు పట్టింది. మిట్టమధ్యాహ్నం బండ కాలిపోతోంది, మా డ్రమ్ముల తోళ్లు వేడెక్కి డబడబమంటున్నాయి. అత్త మిరపపండు చీరలో వచ్చి బెంచీ మీద కూర్చుంది.

“ఇగ అక్కా, జెర కింద్కి జూడుండ్రి” అన్నాడు వీడియో అన్న అలవాటు కొద్దీ.

“చూడను” అంది అత్త.

“సరే. గట్లనే జూడుండ్రి, నా కండ్లల్ల జూడుండ్రి. ఏమైతది!”

అదే మీరు ఇంటర్నెట్‌లో చూసే బొమ్మ. ఆవిడ ఏం నటించలేదు. మిక్సింగ్ అప్పుడు నేను పక్కనే కూర్చుని కాపలా కాశాను. గులాబీ వద్దు, హృదయం వద్దు, పగలడం వద్దు. “ఒక్క గులాబి సుత వద్దా? బోసిగుంటదే చెల్లె” అని పాపం చాలా బతిమాలాడు. వద్దంటే వద్దన్నాను. ఆఖరికి పాటంతా నేను అడిగినట్టే వచ్చింది. నేను లేచి ఇంటికి వచ్చేశాను. అదీ నేను చేసిన తప్పు. టైటిల్స్ అయ్యేదాకా కూర్చోవాల్సింది.

శనివారం మధ్యాహ్నం సినిమా అవగానే పాట వేశారు. మా వీధి వీధంతా చూసింది. పాట అయిపోయింది, ఆఖరి ‘లేవను’ కూడా అయిపోయింది, తెర మీద పావురం ఒకటి ఎగిరొచ్చింది, దాని కింద బంగారు రంగు అక్షరాలు పడ్డాయి, ‘సంఘ పెద్దల ఆశీస్సులతో’. దాని కింద మా చర్చి పేరు, ఊరు, పిన్‌కోడ్‌తో సహా.

ఉన్నపళంగా వీడియో షాపుకి పరిగెత్తాను.

“గిదేందన్నా!”

“ఏందంటే? మీ చర్చి కార్డే గదా” అన్నాడు, ఏమీ ఎరగనట్టు. “మీ పెండ్లి క్యాసెట్లన్నిట్ల గదే ఏస్త. పోయినేడు ఒక పెండ్లికి మర్చిపోతే మీ పెద్దమనుషులొచ్చి ఎంత గుస్సా జేసిండ్రో నాకెర్క. మల్ల పరేషాన్ ఎందుకని ఏసిన. తప్పయిందా?”

ఆయన తప్పు కాదు. క్రైస్తవుల క్యాసెట్ అంటే పావురం, పెద్దల ఆశీస్సులు ఉండాలని మావాళ్లే నేర్పారు ఆయనకి. సాయంత్రానికల్లా మాస్టారికి పది మంది కనపడి, “భలే పాట ఆశీర్వదించారండీ, మీరింత మోడరన్ అనుకోలేదు” అన్నారట. పాటలో మా చర్చి మాట లేదు, మాస్టారి మాట లేదు, ఒక బెంచీ, ఒక పళ్లెం, లేవనని కూర్చున్న ఒక ఆడది, అంతే. అయినా గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు పెద్దలంతా భుజాలు తడుముకున్నారు.

మంగళవారం కమిటీ కూర్చుంది. నాన్నని పిలిచారు. ఇంటికి వచ్చి చెప్పాడు. రాబోయే మొదటి ఆదివారం, ప్రభు బల్లకి ముందు, నేను లేచి నిలబడి క్షమాపణ చెప్పాలి. కార్డుకీ చెప్పాలి, పాటకీ చెప్పాలి. ఆ పాట అబద్ధమని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే క్వయర్ ఇంకొకరికి అప్పజెప్తారు.

“కార్డుకి చెప్తాను నాన్నా” అన్నాను. “అది నిజంగానే తప్పు, వాళ్ల పేరు వాళ్లనడక్కుండా పడింది. పాటకి చెప్పను.”

“మూడు నిమిషాలమ్మా.”

“అత్తకి కూడా అదే చెప్పావా పదకొండేళ్ల కింద?”

నాన్న గోడ మీది నల్లబల్ల వైపు చూశాడు, దాని మీద ఈస్టర్ పాట ఆల్టో వరస సగం రాసి ఉంది. “ఆ నాలుగు వరసలు తప్ప నాకింకేం వచ్చమ్మా?” అన్నాడు. “ఆఫీసులో నేనెవరో ఎవరికీ తెలీదు. రిటైరైతే అదీ ఉండదు. క్వయర్ కూడా తీసేస్తే నేనేం చేస్తాను పొద్దున్నే లేచి?”

నాన్న నన్ను బతిమాలడం అదే మొదటిసారి. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. తిట్టి ఉంటే తాటాకు చప్పుళ్లకు బెదిరేదాన్ని కానని అనేదాన్ని. అరవలేదు. ఆయన చేతుల వైపు చూశాను. ఆ చేతులతోనే ఆయన నాకు మొదటి స్వరం నేర్పాడు. నాకు గుర్తున్న వయసు నుంచీ నేను ఆయన పాటకి తప్ప దేనికీ లొంగలేదు, ఇప్పుడు ఆ పాటే ఆయన నుంచి పోతుంది, అదీ నా వల్ల. శుక్రవారం ఆయన ఒక కాగితం తెచ్చి నా పుస్తకంలో పెట్టాడు. క్షమాపణ తనే రాశాడు, గుండ్రటి అక్షరాలతో, చర్చి భాషలో. నేను చదివాను. చింపలేదు. అదీ సంగతి, చింపలేదు.

ఆదివారం వచ్చింది. తెల్లచీరలతో చర్చి నిండిపోయింది, ఎప్పుడూ రానివాళ్లు కూడా తమాషా చూడ్డానికి వచ్చారు. అత్త చివరి బెంచీలో ఉంది, ముదురు ఆకుపచ్చ చీర. ఆవిడకి నేను కాగితం సంగతి చెప్పలేదు, చెప్పే మొహం లేక. పాస్టరు అయ్యగారు ప్రసంగం ముగించి, మన సంఘ యువతి ఒకరు మాట్లాడతారు అన్నారు.

లేవనని పల్లవి రాసినదాన్ని లేచి నిలబడ్డాను.

మొదటి పేరా కార్డు గురించి. అది నిజాయితీగానే చదివాను, మా అజాగ్రత్త వల్ల సంఘము పేరు అనుమతి లేకుండా వాడబడింది, క్షమించమని కోరుతున్నాను. తలలు ఊగాయి. మాస్టారు కళ్లు మూసుకుని తృప్తిగా వింటున్నాడు. రెండో పేరా మొదలుపెట్టాను. ‘ఆ పాటలో పాడినది అబద్ధము. మన సంఘములో ఎవరినీ వేరు చేసి కూర్చుండబెట్టుట లేదు.’ అది కాగితం మీద ఉన్నది. నా నోటి నుంచి ‘ఆ పాటలో పాడినది’ దాకా వచ్చింది. నాన్న వైపు చూశాను. ఆయన నేల వైపు చూస్తున్నాడు. చదివేసేదాన్నే. ఇన్నేళ్ల తర్వాత మీ ముందు గొప్పలు పోను, ఆయన కోసం చదివేసేదాన్నే.

“కూర్చోవే.”

వెనక నుంచి వచ్చింది ఆ గొంతు. పెద్దగా కూడా అనలేదు. నేను కూర్చున్నాను.

మాస్టారు లేచాడు. “అమ్మా, మాట్లాడాలంటే లేచి నిలబడి మాట్లాడు. ఇది దేవుని మందిరం.”

“కూర్చోమన్నది మీరే కదా మాస్టారూ” అంది అత్త. కూర్చునే మాట్లాడింది, చేతులు ఒళ్లో పెట్టుకుని. “పదకొండేళ్లయింది, కూర్చునే ఉన్నాను. ఆ పాటలో ప్రతి మాటా నాది, ప్రతి మాటా నిజం. అబద్ధమని అనాలనుంటే మీరే లేచి నిలబడి అనండి, మీకు ఓపికుంది. పిల్లతో అనిపించకండి.”

అబద్ధమని అనడానికి ఎవరూ ముందుకు రాలేదు. పాస్టరు అయ్యగారికి ఏం చేయాలో తోచక, గబగబా ప్రార్థన చేసి, రొట్టె విరిచి, పళ్లెం క్వయర్‌కి అందించేశారు. కార్యక్రమం సాగిపోతే గొడవ సద్దుమణుగుతుందని ఆయన ఆశ.

పళ్లెం నాన్న చేతికి వచ్చింది. ముక్క తీసుకుని, పళ్లెం పక్కవాళ్లకిచ్చి, చేయి ఎత్తి పాట అందించాలి. క్వయరంతా ఆయన చేతి వైపే చూస్తోంది. ఆయన ముక్క తీసుకోలేదు. పళ్లెం పక్కవాళ్లకి ఇవ్వలేదు. పళ్లెం పట్టుకుని అలాగే వెనక్కి తిరిగాడు. చర్చిలో నాన్న వెనక్కి తిరగడం నేను చూడలేదు అంతకుముందు. బెంచీల మధ్య నుంచి నడవడం మొదలుపెట్టాడు.

మాస్టారు దారిలోకి వచ్చాడు. “ఏమండీ, పళ్లెం ముందు వరసలకి...”

“జరగండి” అన్నాడు నాన్న.

జీవితమంతా ‘చిత్తం’, ‘అలాగేనండి’ తప్ప అనని మనిషి. మాస్టారు జరిగాడు. నాన్న చివరి బెంచీ దాకా వెళ్లి చెల్లెలి ముందు పళ్లెం పెట్టాడు. అత్త ముక్క వైపు చూడలేదు, ఆయన మొహం వైపు చూసింది.

“నువ్వు తీసుకున్నావా అన్నయ్యా?”

“లేదు. నీ తర్వాత.”

అత్త ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. తర్వాత నాన్న తీసుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు, ఏడ్చాను, ఎవరు చూస్తే నాకేంటి. ముందువైపు క్వయర్, చేయి ఎత్తేవాడు లేక నిలబడిపోయి ఉంది. అందరూ రొట్టె తీసుకునేంతసేపూ చర్చిలో ఎవరూ పాడలేదు.

ఆ బుధవారమే ఉత్తరం వచ్చింది, సంఘం ముద్రతో. క్వయర్ బాధ్యత నుంచి తమరిని తప్పించడమైనదనీ, తమరికి బల్ల ఆపడమైనదనీ రాశారు. నాన్న అద్దాలు పెట్టుకుని, నిలబడే మొత్తం చదివాడు. నేను ఏమంటాడో అని గుమ్మంలోనే ఆగిపోయాను. ఆయన ఉత్తరం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

“ఇది నాకు పదకొండేళ్ల కిందటే రావాల్సిందమ్మా” అన్నాడు.